ఫ్లెక్సీ మీది చెంప

"నీ మొఖం చూసి ఎవలన్న కొంటరా?" అన్నాడు మా ఆయన జగదీశ్వర్, నేను పప్పుకు తాలింపు పెడుతుండగా.

కోపంగా అనలేదు. అందుకే నాకు ఎక్కువ మండింది. ఉప్పు ఎక్కువైంది అన్నట్టు, కరెంటు పోయింది అన్నట్టు, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పి, వంటింటి గడపలో నిలబడి ఒక అట్టపెట్టె విప్పుతున్నాడు. లోపల నాలుగు డబ్బాలు. మొహం కడుక్కునేది ఒకటి, సీరం అని చిన్న సీసా ఒకటి, పగలు రాసుకునే క్రీము, రాత్రి రాసుకునే క్రీము. నాలుగింటి మీదా బంగారు రంగు అక్షరాలతో 'చంద్రసిరి' అని ఉంది. సిద్దిపేటలో ఆ సరుకు మా దుకాణంలో తప్ప ఇంకెక్కడా దొరకదని, బతుకమ్మకు ముందు గ్రాండుగా మొదలుపెడదామని కంపెనీ మనిషి సాయిప్రసాద్ చెప్పాడట. అయితే కౌంటర్ మీద కూర్చున్న ఆడమనిషి మొహం నిండా మంగు పెట్టుకుని మంగు పోయే క్రీము ఎట్లా అమ్ముతుందని అతనికి అనుమానం వచ్చిందట. ఆ అనుమానం మా ఆయనకు సబబుగానే తోచింది. "నలభై ఐదు రోజులు పెట్టు. ముందు ఒక ఫోటో, తర్వాత ఒక ఫోటో దిగుదాం. నీకు గుడ మంచిదే కద," అని ఫోన్ తీసి అక్కడికక్కడే నా ఫోటో కొట్టాడు. నేను కొంగుతో చెమట తుడుచుకోబోతే, "తుడువకు, తుడువకు. గట్లనే ఉండు," అన్నాడు. పాత నైటీ, రేగిన జుట్టు, పొయ్యి సెగకు కమిలిన మొహం. పందొమ్మిదేళ్ల కాపురంలో ఆ మనిషి కావాలని నన్ను ఒంటరిగా తీసిన ఫోటో అదొక్కటే.

ఈ మంగు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఉజ్వల కడుపులో ఉండగా ఆరో నెలలో మొదలైంది. ముందు కణతల దగ్గర టీ మరకంత కనిపించి, కాన్పు నాటికి రెండు చెంపలకూ పాకింది. పిల్ల పుట్టింది, పాలు మరిచింది, బడికి పోయింది, ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. మంగు మాత్రం ఉన్నచోటే ఉంది. 'మా ఇంట్ల ఎవలకు గిట్ల లేదు' అని మా అత్తమ్మ ప్రమీలాదేవి ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెబుతూనే ఉంది, నేను ఆ పిల్లను కన్నది వేరే ఎవరింటికో అన్నట్టు. ఉజ్వలకు మూడో నెల నడుస్తుండగా చర్మం డాక్టర్ దగ్గరికి పోయాం. ఆయన మందులు కూడా పెద్దగా రాయలేదు. "ఎండలో తిరగకండి. పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడకండి. వేడి తగిలేకొద్దీ ఇది ముదురుతుంది," అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే అత్తమ్మ పగలబడి నవ్వింది. "పొయ్యి కాడ నిలవడకుంటే అన్నం ఎవలు వండాలె? గా డాక్టర్ వచ్చి వండుతడా?" అంది. మా ఆయనా నవ్వాడు. నేనూ నవ్వాను. వాళ్లు నవ్వినందుకు కన్నా నేను నవ్వినందుకే నాకిప్పుడు ఒళ్లు మండుతుంది. అత్తమ్మకు షుగరు, రెండు పూటలా జొన్నరొట్టె కావాలి. జొన్నరొట్టె చేయడమంటే సెగ మీదికి మొహం వంచి నిలబడడమే. పందొమ్మిదేళ్లుగా రోజుకు రెండు పూటలా వంచాను. పుట్టింటికి పోయిన రోజులు తీసేసినా లెక్క పెద్దగా తగ్గదు.

మా దుకాణం పేరు ఉజ్వల లేడీస్ ఎంపోరియం. పాత బస్టాండు దగ్గర. వంట ముగించి పదకొండింటికి నేను వెళ్తే సాయంత్రం దాకా గాజుల కౌంటర్ నాదే. ఎవరైనా అడిగితే మా ఆయన, "ఇంట్ల బోర్ కొడుతదని వచ్చి కూసుంటది," అంటాడు. ఊరికే కూర్చునే నేను పండుగ ముందర రోజుకు యాభై అరవై చేతులకు గాజులు ఎక్కిస్తాను. ఎదుటి మనిషి చెయ్యి తీసుకుని, బొటనవేలు లోపలికి మడిచి, ఎముకలు మెల్లగా నొక్కి, సబ్బు తడి రాసి, గాజు చిట్లకుండా, మనిషి 'అమ్మా' అనకుండా పైకి జరపాలి. మా ఆయనకు ఈ పని రాదు. నేర్చుకోవాలని కూడా అనుకోలేదు. ఆ నాలుగు నిమిషాల్లో ఆడవాళ్లు చెప్పని సంగతి ఉండదు. వాళ్లు చెప్పకపోయినా చెయ్యి చెబుతుంది. బీడీలు చుట్టే చేతికి వేలి పక్కన దారం కోసిన గీత ఉంటుంది. పదిళ్లల్లో బట్టలుతికే చేతికి వేళ్ల సందులు ఒరిసిపోయి ఉంటాయి. మల్లన్నసాగర్ నీళ్ల కింద ఊరు పోయి కాలనీకి మారిన వేములఘాట్ ఆడవాళ్ల చేతులు ఈ నాలుగేళ్లలో మెత్తబడ్డాయి. పొలం లేదు కదా. 'గీ చేతులు నాయి కావక్కా' అని ఒకామె నా కౌంటర్ దగ్గరే ఏడ్చింది. చర్మం గురించి నాకు బంగారు అక్షరాల డబ్బా వచ్చి చెప్పనక్కరలేదు.

చంద్రసిరి సంగతి వీధిలో తెలియగానే ముందుగా వచ్చింది మహబూబీ. ఎదురు సందులో జాకెట్లు కుడుతుంది. నాకున్నట్టే ఆమెకూ మంగు ఉంది, కుట్టుమిషన్ మీద రేకుల వేడి కింద కూర్చుని కూర్చుని ఇంకా నల్లబడింది. "సుగుణక్కా, ఫస్టు నువ్వు పెట్టి చూడు. నువ్వు మంచిగున్నది అంటెనే నేను కొంట. హీబాకు గుడ కొంట. టీవీల చెప్పేటోళ్ల మాట నాకొద్దు," అంది. హీబా ఆమె కూతురు. ఆ మాటకు నేను అప్పుడు నవ్వి ఊరుకున్నాను. కానీ అది నా మెడకు చుట్టుకుంది. నా మొహం చూసి ఎవరూ కొనరని మా ఆయన అన్నాడు. ఈమె నా మొహం చూసి తప్ప కొననంటోంది.

మా బాపు రాజమల్లయ్య అక్కన్నపేటలో పత్తి రైతు. కొత్త మందు ఏది వచ్చినా చేనంతా కొట్టేవాడు కాదు. నాలుగు సాళ్లు కొట్టి, పక్కన నాలుగు సాళ్లు వదిలేసి, గుర్తుకు నడిమి మొక్కకు ఎర్ర గుడ్డపీలిక కట్టేవాడు. పదిహేను రోజులకొకసారి నన్ను వెంటబెట్టుకుని పోయి రెండు వైపులా ఆకులు తిప్పి చూపించేవాడు. "అమ్మేటోడు మంచిగున్నదనే అంటడు బిడ్డా. చేను ఏమంటదో సూడాలె," అనేవాడు. మొదటి రోజు డబ్బా మూత తీసి అద్దం ముందు నిలబడ్డప్పుడు నాకు ఆ గుడ్డపీలికే గుర్తొచ్చింది. క్రీము ఎడమ చెంపకు రాశాను. కుడి చెంప వదిలేశాను.

ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. ఎవరైనా నా మొహం వంక ఒక్కసారి సరిగ్గా చూస్తే వాళ్లకే తెలుస్తుంది, అప్పుడు చెబుదాం అనుకున్నాను. మా ఆయన రోజూ పొద్దున పేపర్ చదువుతూ, "పెట్టినవా?" అని అడిగేవాడు. "పెట్టిన," అనేదాన్ని. అబద్ధం కాదు. ఆయన పేపర్ తిప్పేవాడు.

రెండు వారాలకు ఎడమ చెంప నునుపు తేలింది. ఇరవయ్యో రోజుకు మచ్చ నిజంగానే ఒక వన్నె తగ్గింది. అబద్ధమెందుకు చెప్పాలి, ఆ పొద్దు నాకు సంబరమైంది. అద్దం ముందు ఎడమ వైపు తిరిగి, కుడి వైపు తిరిగి, మళ్లీ ఎడమ వైపు తిరిగి చూసుకున్నాను. వేలు క్రీములో ముంచి కుడి చెంప దాకా తీసుకుపోయాను కూడా. బాపు చూస్తే ఏమంటాడో అని ఆగాను. తర్వాత మంచం మీద కూర్చుని నన్ను నేనే తిట్టుకున్నాను. సుగుణా, నీకు నలభై ఒక్కేళ్లు. ఇన్ని చేతులు పట్టుకున్నావు, ఇందరి ఏడుపు విన్నావు, ఇంకా ఆ మనిషి 'నీ మొఖం' అన్న మాట వెనక్కి తీసుకుంటాడేమోనని అద్దం ముందు నిలబడ్డావా? మచ్చ తగ్గితే నాకు సంతోషం కావడం తప్పు కాదు. ఆయన దగ్గర మెప్పు కోసం కావడమే నాకు సిగ్గనిపించింది. అదే రోజు అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఇప్పుడు మా ఇంటి కోడలు లెక్కున్నవ్. రెండు దిక్కుల తేలింది," అంది. రెండు వైపులా! నేను కుడి చెంప తడుముకున్నాను. మంగు ఎక్కడిదక్కడే ఉంది.

ఇరవై ఎనిమిదో రోజు రొట్టె కాల్చుతుంటే ఎడమ చెంప మీద కారం చల్లినట్టు భగ్గుమంది. నీళ్లు కొడితే ఇంకా మండింది. వారం తిరిగేసరికి చర్మం ఉల్లిపొరలా పలచబడి, కింద ఎర్రటి సన్నటి నరాలు తేలాయి. తగ్గిందనుకున్న మచ్చ అంచుల వెంబడి ముందుకన్నా నల్లగా తిరిగి వచ్చింది. డబ్బా తిప్పి తిప్పి చదివాను. 'సహజ మూలికల శక్తి' అని ఉంది గానీ లోపల ఏం కలిపారో ఒక్క ముక్క లేదు. మా దుకాణంలో ఐదు రూపాయల షాంపూ ప్యాకెట్టు మీద కూడా చీమ తలకాయంత అక్షరాలతో ఏమేం ఉన్నాయో రాసి ఉంటుంది.

దవాఖానకు పోయాను. చిన్న వయసు డాక్టరమ్మ నా ఎడమ చెంప పట్టుకుని లైటు కింద చూసి, డబ్బా చూసి, "ఇవాళే ఆపేయండి. లోపల ఏముందో రాయని క్రీము మొహానికి ఎట్లా రాశారు?" అని కోప్పడింది. తర్వాత కుడి చెంప చూసి ఆగింది. "ఇటు రాయలేదా?" అంది. ఇన్ని రోజుల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె మంట అనుకుంది. పూతమందు రాసిస్తూ, "మంగుకు వేడి పడదు. పొయ్యి దగ్గర తక్కువసేపు ఉండమని ఎవరూ చెప్పలేదా మీకు?" అంది. "చెప్పిన్రు మేడం," అన్నాను.

ఆ సాయంత్రమే దుకాణంలో మా ఆయనకు చెప్పాను. "ఇగో, గా క్రీము మంచిది కాదు. నా చెంప చూడు. డాక్టరమ్మ ఆపుమన్నది."

ఆయన చూడలేదు. ఫోన్‌లో ఏదో టైపు చేస్తూనే, "కొత్తల గట్లనే మండుతదంట. సాయిప్రసాద్ చెప్పిండు. మండుతుందంటె పని చేస్తున్నట్టే," అన్నాడు.

"సాయిప్రసాద్ మొఖానికి రాసుకున్నడా?"

అప్పుడు తలెత్తాడు. "సరుకు దిగింది. ఫ్లెక్సీకి ఆర్డర్ ఇచ్చిన. గిప్పుడు గీ మాట ఎవలకన్న చెప్పినవంటె దుకాణం ఇజ్జత్ పోతది. అంత నొప్పి ఉంటె పౌడర్ కొట్టుకో." అని గొంతు తగ్గించి, ఏదో నామీద దయతలిచినట్టు, "మొఖం ఎర్రగైతే ఏమైతది సుగుణా? గులాబీ లెక్క ఉన్నది," అన్నాడు. గులాబీ అట! దుకాణంలో ఉన్న సబ్బు తడి గిన్నె ఆయన నెత్తిన కుమ్మరించాలనిపించింది. ఎవరో చేతి గాజులడుగుతూ లోపలికొచ్చారు. సైజు అడిగి చెయ్యి పట్టుకున్నాను.

నలభై ఐదో రోజు ఫోటో. బ్యూటీపార్లర్ నుంచి ఒక అమ్మాయిని పిలిపించాడు. పట్టుచీర కట్టించారు, జుట్టు వేయించారు, దుకాణం గుమ్మంలో మంచి వెలుతురులో నిలబెట్టారు. సాయిప్రసాద్ ఫోన్ పట్టుకుని నా ఎడమ వైపు వచ్చి మొహం చిట్లించాడు. మా ఆయన చటుక్కున నా గడ్డం పట్టుకుని తిప్పాడు.

"గా దిక్కు వద్దు. గీ దిక్కు తియ్యి. కుడి దిక్కు మంచిగ పనిజేసింది."

నేను నవ్వాను. ఆపుకోలేకపోయాను. "గట్లనే, మేడం, గట్లనే నవ్వున్రి!" అని సాయిప్రసాద్ టకటకా ఫోటోలు తీశాడు. ఒక్క చుక్క క్రీము తగలని చెంప, పార్లర్ అమ్మాయి వేసిన రంగు, మధ్యాహ్నపు వెలుతురు, నా నవ్వు. మూడో రోజుకు అది దుకాణం ముందు నిలువెత్తు ఫ్లెక్సీ అయి వేలాడింది. ఒక పక్క నైటీలో చెమటోడుతున్న నేను, 'ముందు'. ఇంకో పక్క పట్టుచీరలో నవ్వుతున్న నేను, 'తర్వాత'. కింద పెద్ద అక్షరాలతో 'మా నమ్మకం చంద్రసిరి: శ్రీమతి జగదీశ్వర్' అని ఉంది. నా పేరు లేదు. ఫ్లెక్సీ కొట్టేవాడు అడిగితే మా ఆయనకు పేరు గుర్తు రాలేదో, అవసరం లేదనుకున్నాడో. మొహం నాది, పేరు ఆయనది, చెంప ఎవరిదో అన్నట్టుంది.

నిజం చెప్పాలంటే అప్పటికి కూడా నేను ఊరుకుందామనే అనుకున్నాను. ఎన్ని మింగలేదు, ఇదొకటి. మహబూబీ అడిగితే 'నాకు పడలేదు' అని మెల్లగా చెప్పి తప్పించుకుందాం అనుకున్నాను. మరునాడు పొద్దున ఉజ్వల గదిలోకి బట్టలు మడత పెట్టడానికి పోయాను. పిల్ల అద్దం ముందు కూర్చుని ఉంది. పక్కన చంద్రసిరి డబ్బాలు నాలుగూ వరసగా ఉన్నాయి. మొహమంతా తెల్లగా క్రీము.

"ఎవలిచ్చిన్రు?" అన్నాను.

"నానమ్మ ఇచ్చింది. ఇప్పటిసంది పెట్టుకోకుంటే మీ అమ్మ లెక్క అయితవ్ అన్నది." పిల్ల తప్పు చేసినట్టు కాదు, మామూలుగానే చెప్పింది. నా లెక్క. నేనొక రోగం పేరు అన్నమాట ఈ ఇంట్లో.

"ఎన్ని రోజులాయె?"

"రెండు. ఏమైందమ్మా? నువ్వే కద ఫ్లెక్సీ మీద ఉన్నవ్. పనిజేస్తదని నువ్వే చెప్తున్నవ్ కద."

నేను చెప్తున్నానా? ఎప్పుడు చెప్పాను? నా నోరు తెరవలేదు, నా పేరు లేదు, కానీ వీధిలో వెళ్లే ప్రతి ఆడపిల్లకూ నేనే చెబుతున్నాను. నా కూతురికి కూడా నేనే చెప్పాను. పిల్ల చెయ్యి పట్టుకుని కొళాయి దగ్గరికి లాక్కుపోయి చల్లనీళ్లతో మొహం కడిగాను. "ఏందమ్మా, మెల్లగ!" అని గింజుకుంది. కడిగి, తుడిచి, దాని వేళ్లు తీసుకుని నా కుడి చెంప మీద పెట్టాను. తర్వాత ఎడమ చెంప మీద పెట్టాను. పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది. మళ్లీ తనంతట తానే పెట్టి, మెల్లగా తడిమింది.

"ఒక్క దిక్కే పెట్టుకున్నవా?"

"మీ తాత చేన్ల పెట్టినట్టు."

ఉజ్వల నా కుడి చెంప మళ్లీ చూసింది. "మరి గా ఫోటోల..." అని ఆగి, తనే అర్థం చేసుకుంది. "మరి ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పిన. మీ డాడీ వినలె."

"నాకెందుకు చెప్పలె?"

ఇంట్లో వినేవాళ్లు లేరని పందొమ్మిదేళ్లు ఏడ్చాను గానీ, పక్క గదిలో ఒక మనిషి చెవులతో పెరుగుతోందని ఆలోచించలేదు. డబ్బాలు నాలుగూ చెత్తబుట్టలో వేశాను. మర్నాడే బతుకమ్మ సేలు మొదలు.

దుకాణం ముందు షామియానా, బెలూన్లు, గుమ్మం దగ్గర టేబుల్ మీద చంద్రసిరి పెట్టెలు గుట్టగా పేర్చి ఉన్నాయి. మా ఆయన, సాయిప్రసాద్ ఇద్దరూ అక్కడే. నన్ను ఎప్పటిలాగా వెనక గాజుల కౌంటర్ దగ్గర కూర్చోమన్నాడు. కుర్చీ మాత్రం తనే జరిపి, నా ఎడమ చెంప గోడ వైపు ఉండేట్టు పెట్టాడు. నా చెంపకు ఏమైందో ఆయనకు బాగా తెలుసన్నమాట. చూడకపోవడం వేరు, చూసి గోడ వైపు తిప్పడం వేరు. ఆ కుర్చీ జరపకుండా ఉండి ఉంటే నేను ఏం చేసేదాన్నో చెప్పలేను. "ఎవలన్న అడిగితే రెండు మాటలు మంచిగ చెప్పు. లేకుంటే ఏం మాట్లాడకు," అని గుమ్మం దగ్గరికి పోయాడు.

సబ్బు తడి కోసం పెట్టుకునే గుడ్డ పక్కకు పెట్టి, ఇంకో గుడ్డ మంచినీళ్లలో తడిపి, ఎడమ చెంప మీద పార్లర్ అమ్మాయి ఆ పొద్దున మళ్లీ వచ్చి వేసిన రంగు తుడిచేశాను. భగ్గుమంది. తుడిచాను.

మొదట మహబూబీ వచ్చింది. రెండు డజన్ల ఎర్ర గాజులు అడిగింది. చెయ్యి ఇస్తూనే గుమ్మం వైపు చూసి, "మరి చెప్పక్కా. రెండు డబ్బాలు తీస్కోనా? హీబా రోజు అడుగుతుంది," అంది.

ఏమీ మాట్లాడొద్దన్నాడు కదా. మాట్లాడలేదు. ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది. తీసుకుని నా కుడి చెంపకు ఆనించాను, తర్వాత ఎడమ చెంపకు. సూది పోట్లతో మొద్దుబారిన ఆ వేళ్లకు కూడా తెలిసింది. వంగి దగ్గరగా చూసింది.

"యా అల్లా. గిదేందక్కా గిట్లైంది?"

"గీ చెంపకు నెల మీద రాసిన. గీ చెంపకు ఒక్క రోజు గుడ రాయలె."

"మరి ఫ్లెక్సీల ఉన్నదో?"

"గీ చెంప," అని కుడి చెంప చూపించాను.

మహబూబీ ఫ్లెక్సీ వైపు చూసింది, నా వైపు చూసింది, గుమ్మంలో బెలూన్ల కింద చేతులూపుతున్న మా ఆయన వైపు చూసింది. పళ్లు కొరికి ఉర్దూలో ఏదో తిట్టింది. నాకు సగమే అర్థమైంది, చాలు. గాజులు వేయించుకుని పోయింది. నోరు మూసుకుని పోలేదని అరగంటకే తెలిసింది. ఇద్దరు వచ్చారు, నలుగురు వచ్చారు. బీడీల చెయ్యి, బట్టలుతికే చెయ్యి, కాలనీ నుంచి ఆటోలో వచ్చిన మెత్తటి చెయ్యి. ఎవరూ ఏమీ అడగలేదు. చెయ్యి చాచారు. గాజులు ఎక్కించి, ఆ చేతినే నా రెండు చెంపలకూ తాకించి పంపాను. ఒక ముసలామె ఎడమ చెంప మీద చెయ్యి తీయకుండా, "పొయ్యి కాడికి పోకు బిడ్డా కొన్ని రోజులు," అంది. చదువూ సందెలూ లేని మనిషి. డాక్టర్లిద్దరూ చెప్పిన మాటే చెప్పింది.

గుమ్మం దగ్గర నుంచి మా ఆయనకు ఆడవాళ్ల వరస కనిపించింది, నా మొహం మీదికి పోయే చేతులు కనిపించాయి. మురిసిపోయాడు. మైకులో అరిచాడు. "చూడున్రి, చూడున్రి! మా మేడంను ముట్టుకోని చూడున్రి! ముట్టుకున్నంకనే కొనున్రి!"

ముట్టుకున్నారు. గాజులు తీసుకుని ఆ టేబుల్ పక్కనుంచే నడిచి వెళ్లిపోయారు.

సాయంత్రం ఆరింటికి ఇంటికి వచ్చాం. చంద్రసిరి పెట్టెలు పేర్చినవి పేర్చినట్టే ఉండిపోయాయి. సాయిప్రసాద్ మొహం మాడ్చుకుని పోయాడు. ఎవరో వెళ్తూ వెళ్తూ మా ఆయన మొహం మీదే అడిగి పోయారట, మీ ఆమె రాసుకోని చెంపను ఫ్లెక్సీ మీద వేశారేమని. చెప్పులు విడవకుండానే నడింట్లో నిలబడి అరిచాడు. ఇరుగుపొరుగు వింటారని కూడా చూడలేదు.

"ఏం చెప్పినవే వాళ్లకు? దుకాణం ముంచినవ్ కద!"

"ఏం చెప్పలె. నా మొఖం చూసి ఎవలు కొంటరన్నవ్ కద. వాళ్లు నా మొఖం చూసిన్రు. గందుకే కొనలె."

"రాయలేదని నాకెందుకు చెప్పలె?"

"నలభై ఐదు రోజులు నీ ముంగటనే తిరిగిన," అన్నాను. "గడ్డం పట్టుకోని తిప్పినవ్ గుడ."

ఉజ్వల తన గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నా వైపే చూస్తోంది. నేను ఫ్యాన్ కింద కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎడమ చెంపకు గాలి తగిలి చల్లగా అనిపించింది. ఈ ఇంట్లో ఆ వేళప్పుడు నేను కూర్చోవడం నాకే కొత్తగా ఉంది. వంటింట్లోంచి అత్తమ్మ పిండి డబ్బా మూత చప్పుడు చేస్తూ, గొడవలేమీ జరగనట్టు కేకేసింది.

"సుగుణా, రొట్టెలకు ఆలస్యమైతుంది. పెనం పెట్టు."

"నేను పెట్ట అత్తమ్మా. డాక్టర్ పొయ్యి కాడ నిలవడొద్దన్నడు."

మా ఆయన చప్పున తిరిగాడు. "ఎప్పుడన్నడు?"

"పదిహేడేండ్ల కింద."